కథకుని పక్కన నిలిచిన గొంతు

గానసభలో గాని, రాత్రంతా సాగే కథాప్రదర్శనలో గాని శ్రోత గుర్తుపెట్టుకునేది ముందు నిలిచినవాని గొంతునే. ఆ గొంతు ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, ఏ పలుకు తర్వాత ఎంతసేపు ఆగాలో, ఏ ఘట్టాన్ని ఎంత పైకి తీసుకుపోవాలో తేల్చడంలో పక్కనున్నవారి పాలు ఎంతో విచారించే అలవాటు మన సంగీత విమర్శకు గాని, జానపద పరిశోధనకు గాని ఇంకా గట్టిగా ఏర్పడలేదు. సహవాద్యం, సహగానం అనేవి ప్రధాన కళకు జోడించిన అలంకారాలు కావనీ, వినడం ద్వారా నిర్ణయాలు తీసుకునే స్వతంత్ర కళలనీ ఒప్పుకుంటే, రామగుండం, గోదావరిఖని ప్రాంతపు ప్రదర్శన సంప్రదాయాలను చూసే చూపు చాలా మారవలసి ఉంటుంది. ఈ నేలపై సహకళాకారుడు కేవలం తాళం వేసేవాడు కాడు. కథలో సగం అతని నోటనే, అతని చేతి కిందనే నడుస్తుంది.

సింగరేణి కాలరీస్ కంపెనీ 1920 డిసెంబర్ 23న ఆ పేరుతో ఏర్పడేనాటికి బొగ్గు తవ్వకం ఇల్లెందు పరిసరాలకు పరిమితమై ఉండేది. గోదావరి ఒడ్డున ఉన్న రామగుండం ప్రాంతంలో 1960ల నుంచి గనులు విస్తరించిన కొద్దీ, కరీంనగర్, వరంగల్, ఆదిలాబాద్ జిల్లాల పల్లెల నుంచి వచ్చినవారు బొగ్గుబాయిలలో కార్మికులుగా చేరి, గనుల పేరుతోనే వెలసిన గోదావరిఖనిలో స్థిరపడ్డారు. వారు తమ వెంట దేవుళ్ళను, పండుగలను, కథలను కూడా తెచ్చుకున్నారు. వారిలో గొల్ల కురుమ కుటుంబాలకు మల్లన్న, బీరప్ప ఇంటి దేవుళ్ళు; ఆ దేవుళ్ళ కొలుపు ఒగ్గుకథ లేకుండా పూర్తి కాదు. రామగుండం ఉన్న పెద్దపల్లి జిల్లాలోనే ఓదెల మల్లన్న గుడిలో ఒగ్గు పూజారులు నేడు కూడా రంగుల పొడులతో పట్నాలు వేస్తారు. పట్నం అంటే దేవుని కల్యాణ వేదికగా నేలమీద తీర్చే పెద్ద ముగ్గు. ఆ ముగ్గు ముందు నిలిచి కథ పాడేవారి బృందంలో ఎవరి పని ఏమిటో నిదానంగా చూడటం అవసరం.

ఒగ్గు అనేది శివుని ఢమరుకాన్ని పోలిన చిన్న వాద్యం. దాని పేరునే కథకూ, కథకునికీ పెట్టారు. బృందంలో ప్రధాన కథకుడు, అతనికి జవాబు చెప్పే రెండో కథకుడు, డోలు వాయించేవారు, తాళాలు పట్టినవారు ఉంటారు. ఊదే వాద్యమైన నపీరి, కంజిర వంటివి బృందాన్ని బట్టి చేరుతాయి. డోలు మెడకు వేలాడే రెండు ముఖాల వాద్యం. ఒక వైపు పుల్లతో, మరో వైపు చేతితో వాయిస్తారు కాబట్టి ఒకే వాద్యంలో గట్టి దెబ్బ, మెత్తని దెబ్బ రెండూ అందుబాటులో ఉంటాయి. రచనగా చూస్తే ఒగ్గుకథ పాట, వచనం, సంభాషణ, అభినయం కలిసిన ప్రక్రియ. ఇందులో ఏ భాగం నుంచి ఏ భాగంలోకి ఎప్పుడు మారాలన్నది ముందుగా రాసిపెట్టి ఉండదు. ప్రధాన కథకుడు వచనం చెబుతూ ఒక మాట చివర స్వరం కొంచెం లాగితే, పాట రాబోతున్నదని డోలు పట్టినవానికి తెలియాలి. ఆ లాగుడు కేవలం ఊపిరి కోసమైతే డోలు కదలకూడదు. ఈ తేడా చెవికి అందేది లిప్తకాలంలోనే. ఆ లిప్తలో తప్పు నిర్ణయం తీసుకుంటే కథనం తెగుతుంది, సరైన నిర్ణయం తీసుకుంటే శ్రోతకు ఆ మార్పు జరిగిందన్న స్పృహ కూడా కలగదు.

రెండో కథకుని పని ఇంతకంటే క్లిష్టమైనది. అతడు ఊఁ కొడతాడు, ప్రశ్న అడుగుతాడు, సందేహం వెలిబుచ్చుతాడు, కథలో ప్రధాన కథకుడు మల్లన్న అయితే తాను అతని భార్య మేడలమ్మ అవుతాడు, మరుక్షణంలో ఊరి పెద్దమనిషి అవుతాడు, ఆ వెంటనే మళ్ళీ వినేవాడుగా మారిపోతాడు. శ్రోతల మనసులో పుట్టిన ప్రశ్న వారి నోట రాకముందే అతని నోట వస్తుంది కాబట్టి, అతడు వేదిక మీద నిలిచిన శ్రోత కూడా. కథకుడు అలసినప్పుడు ప్రశ్న పొడవు పెంచి అతనికి విశ్రాంతి ఇవ్వడం, కథ పక్కదారి పట్టినప్పుడు ఒక చిన్న ప్రశ్నతో దారిలోకి తేవడం, నడిరాత్రి దాటి జనం కునుకు తీస్తున్నప్పుడు హాస్యం చొప్పించి వారిని లేపడం అతని బాధ్యతలు. వీటిలో ఏదీ అచ్చులోకి ఎక్కే పాఠంలో సరిగా కనిపించదు. ఒగ్గుకథను ఆధునిక వేదికల మీదకు తెచ్చి దేశవ్యాప్తంగా పేరుపొందిన జనగామ ప్రాంతపు చుక్క సత్తయ్య 2017లో కన్నుమూశారు. ఆయన ప్రతిభకు దక్కిన గౌరవం న్యాయమైనదే. అయితే ఏ ఒగ్గు కథకుని ప్రదర్శన అయినా ఆ స్థాయికి చేరడానికి అతని పక్కన జవాబు చెప్పిన గొంతు ఎంత కారణమో విశ్లేషించిన వ్యాసాలు అరుదు. కరపత్రం మీద ప్రధాన కథకుని పేరు తర్వాత ‘బృందం’ అనే ఒక్క మాటలో మిగిలినవారందరూ కలిసిపోవడం వాడుకగా స్థిరపడింది.

సహవాద్యకళను విస్తారంగా చర్చించుకున్న సంప్రదాయం ఒకటి యూరప్‌లో ఉంది. జర్మన్ భాషాప్రాంతాలలో పంతొమ్మిదో శతాబ్దంలో వికసించిన కళాగీతంలో, అంటే ప్రసిద్ధ కవితకు సంగీతం కూర్చి ఒక గాయకుడు, ఒక పియానో వాదకుడు కలిసి వినిపించే ప్రక్రియలో, పియానో భాగాన్ని స్వరకర్త పాటతో సమానమైన బరువుతోనే రాస్తాడు. షూబర్ట్ 1815లో, పద్దెనిమిదేళ్ళ వయసులో, గోథే కవితకు కూర్చిన ‘ఎర్ల్‌కోనిగ్’ అనే గీతం ఇందుకు మంచి నిదర్శనం. జ్వరంతో ఉన్న కొడుకును గుర్రం మీద తీసుకుపోతున్న తండ్రి, ఆ పిల్లవానిని ప్రలోభపెట్టే మాయలరాజు, ఆ పిల్లవాడు, కథ చెప్పేవాడు అనే నాలుగు పాత్రలనూ ఒకే గాయకుడు గొంతు మార్చి పాడుతుండగా, గుర్రపు పరుగంతా పియానో వాదకుని కుడిచేతిలో ఎడతెగని స్వరఘాతాలుగా నడుస్తుంది. మాయలరాజు మాట్లాడేటప్పుడు ఆ పరుగు మెత్తబడుతుంది, పిల్లవాడు కేకవేసినప్పుడు మళ్ళీ బిగుసుకుంటుంది, చివర చావు సంగతి చెప్పే మాటకు ముందు పూర్తిగా ఆగిపోతుంది. ఒగ్గుకథ ఎరిగినవారికి ఈ నిర్మాణం కొత్తగా తోచదు. ఒకే మనిషి పలు పాత్రలుగా మారడం, వాద్యం గమనాన్ని మోయడం, వాద్యం ఆగడమే ఘోరానికి సూచన కావడం ఇక్కడి కథలలోనూ ఉన్నవే. అక్కడ షూబర్ట్ కాగితం మీద రాసి ఇచ్చినదాన్ని ఇక్కడ డోలు పట్టినవాడు అప్పటికప్పుడు నిర్ణయించుకుంటాడు.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ పియానో సహవాదనకు గౌరవస్థానం కోసం వాదించినవారిలో ఇంగ్లండ్‌కు చెందిన జెరాల్డ్ మూర్ ముఖ్యుడు. ఆయన తన ఆత్మకథకు ‘నా వాద్యం మరీ గట్టిగా ఉందా?’ అని అర్థం వచ్చే పేరు పెట్టుకున్నాడు. 1967లో లండన్‌లో జరిగిన ఆయన వీడ్కోలు సభలో ఆ కాలపు మహాగాయకులు ముగ్గురు ఆయన పక్కన నిలిచి పాడారు. ఆయనా, ఆయన వంటివారూ వివరించిన పనిలో వేళ్ళ నైపుణ్యం కంటే వినికిడికే పెద్ద పీట. గాయకునికి ఆ రోజు గొంతు బరువుగా ఉంటే పాటను ఒక మెట్టు కిందికి దింపి, అంటే ప్రతి స్వరాన్నీ మరో స్థానానికి మార్చుకుని, తడుముకోకుండా వాయించాలి. కవితలో హల్లులు గట్టిగా పలకవలసిన చోట వాటికి ఖాళీ వదలాలి. గాయకుడు ఒక పాదాన్ని దాటవేస్తే సభకు తెలియకుండా అక్కడికి చేరుకోవాలి. విదేశీ విశ్వవిద్యాలయాలలో నేడు ఇది ప్రత్యేక పట్టాకు తగిన చదువు. ఇదే నేర్పు తెలుగునాట ఏ పట్టా లేకుండా, ఏ పాఠ్యపుస్తకం లేకుండా వందలమందికి అబ్బింది.

పియానోకు తెలుగు రంగస్థలంపై దగ్గరి చుట్టం హార్మోనియం. గాలితిత్తులతో పలికే ఈ మెట్ల వాద్యం యూరప్ నుంచే వచ్చినా, 1885లో కడప జిల్లాలో పుట్టిన సురభి నాటక సమాజం మొదలుకొని పద్యనాటకం ఆడిన ప్రతి బృందానికీ అది ఊపిరి అయింది. ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా హార్మోనియాన్ని నిషేధించింది. దాని స్వరస్థానాలు బిగించి ఉంటాయి కాబట్టి గమకాలను, అంటే స్వరం నుంచి స్వరానికి జారుతూ ఊగే సొగసులను, అది పలికించలేదన్నది ప్రధానమైన అభ్యంతరం. ఆ అభ్యంతరంలో నిజం లేకపోలేదు గాని, నాటకశాలలో హార్మోనిస్టు చేసే పనిని ఆ నిషేధం కోరినవారు సరిగా విన్నారని చెప్పడం కష్టం. నటుడు నాలుగు శ్రుతిలో, అంటే పాశ్చాత్యుల లెక్కలో ఎఫ్ అనే స్వరం మీద, పద్యం పాడేవాడైతే, అతని ఎదుట నిలిచిన మరో నటుడు ఐదున్నర శ్రుతివాడు కావచ్చు. ఒకరి పద్యం ముగిసి మరొకరి పద్యం మొదలయ్యే ఆ కొద్ది వచనంలోనే హార్మోనిస్టు కొత్త ఆధారస్వరానికి మారి, ఎత్తుగడ స్వరాన్ని నటుని చెవికి అందించాలి. పద్యం చివర రాగాలాపన ఎంతసేపు సాగుతుందన్నది నటుని ఊపిరి మీద, జనం చప్పట్ల మీద ఆధారపడి ఉంటుంది. వన్స్‌మోర్ అంటూ కేకలు లేచినప్పుడు నటుడు పద్యాన్ని మొదటి నుంచి ఎత్తుకుంటాడో, చివరి పాదం నుంచి ఎత్తుకుంటాడో తెలిసేదాకా హార్మోనిస్టు శ్రుతిని నిలిపి ఉంచాలి. జారలేని వాద్యంతో జారే గొంతును మోయడం వల్లనే ఆ పని గొప్పది అయింది.

కర్ణాటక సంగీతసభలో పక్కవాద్యాల స్థానం ఇంతకంటే స్పష్టంగా గుర్తింపు పొందింది. గాయకుడు రాగం ఆలపిస్తున్నంతసేపూ వయొలిన్ విద్వాంసుడు అతని సంచారాన్ని ఒక క్షణం వెనుకగా పలికించి, తన వంతు రాగానే అదే రాగాన్ని తన మనోధర్మంతో, అంటే సొంత ఊహతో, విస్తరిస్తాడు. విజయనగరం సంగీత కళాశాలకు 1936 నుంచి అధ్యక్షులుగా ఉన్న ద్వారం వెంకటస్వామి నాయుడు పక్కవాద్యంగా, ప్రధాన వాద్యంగా రెండు విధాలుగానూ వయొలిన్‌కు తెలుగునాట పెద్దరికం తెచ్చారు. అన్నవరపు రామస్వామి దశాబ్దాల పాటు మహావిద్వాంసుల పక్కన వాయించి 2021లో పద్మశ్రీ అందుకున్నారు. కచేరీ ఆహ్వానపత్రంలో వయొలిన్, మృదంగం వాయించేవారి పేర్లు లేకుండా ఉండవు. ఒగ్గుకథ కరపత్రానికీ, కచేరీ ఆహ్వానానికీ మధ్య ఉన్న ఈ తేడాకు కారణం కళల స్థాయిభేదం అనుకుంటే పొరపాటే. ఏ కళను ఎవరు ఎంత కాలంగా రాసి భద్రపరిచారన్నదే కారణం.

బుర్రకథలో వంతల స్థానం కొంత మెరుగు. తంబుర భుజాన వేసుకుని నడిచే ప్రధాన కథకునికి ఇరువైపులా డక్కీలు పట్టిన ఇద్దరు వంతలు ఉంటారు. ఒకరు హాస్యం పోషిస్తే మరొకరు సమకాలీన రాజకీయం చెబుతారు కాబట్టి, ప్రక్రియ నిర్మాణమే వారికి చెరొక స్వతంత్ర పాత్రను ఇచ్చింది. 1986లో పద్మశ్రీ పొందిన షేక్ నాజర్ కథనం అంత బిగువుగా నడవడానికి ఈ మూడు దిక్కుల విభజన ఒక ఆధారం. తెలంగాణలో బైండ్లవారు ఎల్లమ్మ కథ చెప్పేటప్పుడు మోగించే జమిడికె వంటి తంత్రీవాద్యం మాటకు తగ్గట్టు స్వరాన్ని సాగదీసి ప్రశ్నలా పలకగలదు. కథకునికి జవాబు ఉండి తీరాలన్న నియమం ఈ ప్రక్రియలన్నిటిలోనూ కనిపిస్తుంది. ఒంటరి గొంతుతో దీర్ఘకథ చెప్పడాన్ని ఈ నేల పెద్దగా ఇష్టపడలేదనే అనుకోవాలి.

గనుల ప్రాంతపు శ్రోతకు ఈ జవాబు గొంతు ఎందుకు అంత ఆత్మీయమైనదో ఊహించడం కష్టం కాదు. భూగర్భ గనిలో పని మొదలయ్యే ముందు మైనింగ్ సర్దార్ కర్రతో పైకప్పును తట్టి, దాని శబ్దాన్ని బట్టి బండ గట్టిగా ఉందో, డొల్లబారిందో చెబుతాడు. అతని చెవి మీద భరోసాతోనే మిగిలినవారు ముందుకు అడుగు వేస్తారు. డోలు పట్టినవాడు కథకుని గొంతును వినేది అలాంటి శ్రద్ధతోనే. బొగ్గుబాయిలో జంటగానో, గుంపుగానో తప్ప ఎవరూ ఒంటరిగా పని చేయరు. మూడు షిఫ్టుల పట్టణంలో రాత్రి కథకు కూర్చున్నవారిలో కొందరు అప్పుడే రెండో షిఫ్టు దిగి వచ్చినవారు, కొందరు తెల్లవారి మొదటి షిఫ్టుకు పోవలసినవారు. వారి అలసట ఎంతో కనిపెట్టి కథను నిలపవలసింది రెండో కథకుడే.

ఉద్యమగీతంలోనూ ఈ లక్షణం కొనసాగింది. 1970ల నుంచి ఈ ప్రాంతపు పల్లెలలో, కార్మికవాడలలో మారుమోగిన ప్రజాగీతాలలో గాని, 2002లో కామారెడ్డిలో మొదలై తెలంగాణ అంతటా వ్యాపించిన ధూంధాం వేదికలపై గాని, 2011 సకల జనుల సమ్మెలో సింగరేణి కార్మికులు పాల్గొన్న రోజులలోని సభలలో గాని, డప్పు, డోలక్, కోరస్ లేని పాట లేదు. కోరస్ పల్లవిని తిరిగి పాడటం కేవలం బలం కోసం కాదు. ప్రధాన గాయకుడు ఊపిరి తీసుకోవడానికి, తర్వాతి చరణం గుర్తుచేసుకోవడానికి, అప్పటి సందర్భానికి తగ్గ కొత్త పాదం కట్టుకోవడానికి ఆ వ్యవధి అవసరం; ఆవేశంలో శ్రుతి పైకి జరిగిపోయినప్పుడు దాన్ని మళ్ళీ మొదటి చోటికి తెచ్చేదీ ఆ కోరసే. మంచిర్యాల ప్రాంతపు లింగాపూర్‌లో పుట్టిన గూడ అంజయ్య వంటి కవుల పాటలు ఎన్ని నోళ్ళలో నలిగినా కొత్తగా వినిపించడానికి వాటి నడకలోనే గుంపుకు చోటు ఉండటం ఒక కారణం. ఆ పాటలపై వచ్చిన విమర్శ సాహిత్యభావాలను విస్తారంగా చర్చించింది గాని, డప్పు దరువు మారినప్పుడు పాట అర్థం ఎలా మారుతుందో పట్టించుకోలేదు.

ఇటీవలి దశాబ్దాలలో రెండు మార్పులు ఈ కళను రెండు వైపుల నుంచి కదిలించాయి. ఒకటి, ఒగ్గుడోలు కథ నుంచి విడిపోయి స్వతంత్ర ప్రదర్శనగా మారడం. రాష్ట్ర ఉత్సవాలలో, ఊరేగింపులలో పదులకొద్దీ డోళ్ళు ఒకే లయలో మోగుతూ, కళాకారులు ఒకరి భుజాలపై ఒకరు నిలిచి చేసే విన్యాసాలు జనాన్ని ఆకట్టుకుంటున్నాయి. ఎన్నో కుటుంబాలకు అవి ఉపాధి చూపాయి, డోలు పట్టినవానికి ముందువరుసలో చోటు ఇచ్చాయి. ఈ మేలు కాదనలేనిది. అయితే అక్కడ డోలు మరో గొంతును వినవలసిన అవసరం లేదు. ముందే సాధన చేసిన దరువును తప్పకుండా మోగిస్తే చాలు. ఆగడం తెలిసిన డోలుకూ, మోగడం మాత్రమే తెలిసిన డోలుకూ మధ్య దూరం చాలా ఉంది. రెండో దానిలోనే పెరుగుతున్న కుర్రవానికి మొదటిది నేర్పేవారు తగ్గిపోతున్నారు. మణుగూరు కూడా సింగరేణి గనుల నేలే. అక్కడి కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య కోయ డోలు వాయిస్తూ సమ్మక్క సారలమ్మల కథను పాడి 2022లో పద్మశ్రీ పొందారు, 2024లో మరణించారు. ఆయన విషయంలో డోలూ కథా ఒకే మనిషిలో ఉండటం వల్ల దేశం రెండింటినీ కలిపి గుర్తించింది. అవి ఇద్దరిలో ఉన్నప్పుడు ఇద్దరినీ గుర్తించడం నేర్చుకోవలసి ఉంది.

రెండో మార్పు ట్రాక్ పాట. ముందే రికార్డు చేసిన వాద్యాలను స్పీకర్లలో మోగించి, దాని మీద గాయకుడు ఒక్కడే పాడటం సభలలో, పెళ్ళిళ్ళలో సాధారణమైంది. ఖర్చు తక్కువ, ఏర్పాటు తేలిక అన్న కారణాలు అర్థమయ్యేవే. కాని ట్రాక్ వినదు. గాయకుని గొంతు బొంగురుపోతే అది కిందికి దిగదు, జనం ఒక చరణాన్ని మళ్ళీ అడిగితే వెనక్కి రాదు, కథలో కన్నీటి చోటు వచ్చిందని ఆగదు. గాయకుడే ట్రాక్‌ను అనుసరించవలసి వస్తుంది కాబట్టి, సహవాద్యం అన్న సంబంధమే తలకిందులవుతుంది. దీనికి తోడు 1990ల మొదట్లో లక్ష దాటిన సింగరేణి కార్మికుల సంఖ్య ఓపెన్‌కాస్టులు, యంత్రాలు పెరిగిన తర్వాత నలభై వేల దరిదాపులకు తగ్గడంతో, రాత్రంతా కథ చెప్పించే వాడలూ, ఆ కథకు కూర్చునే జనమూ పలచబడ్డారు. పది నిమిషాల వేదికలో రెండో కథకునికి ప్రశ్న అడిగే వ్యవధి ఉండదు. అతడు తలూపుతూ నిలబడే మనిషిగా మిగిలిపోతాడు.

పరిశోధకుల బాధ్యత ఇక్కడ తక్కువ కాదు. బిరుదురాజు రామరాజు మొదలుకొని తెలుగు జానపద పరిశోధన పాఠసేకరణలో చేసిన కృషి అమూల్యమైనది. మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి కళారూపాల చరిత్రను ఒక్క చోట కూర్చారు. జయధీర్ తిరుమలరావు సేకరించిన అరుదైన వాద్యాలు 2020లో హైదరాబాద్‌లో ‘మూలధ్వని’ ప్రదర్శనగా జనం ముందుకు వచ్చాయి. పాఠం దొరికింది, వాద్యం దొరికింది; ఆ రెండింటి మధ్య ప్రతి క్షణం జరిగే సంభాషణ ఇంకా దొరకవలసి ఉంది. ఒగ్గుకథను అచ్చువేసేటప్పుడు రెండో కథకుని ఊఁకారాలను, ప్రశ్నలను అనవసరమని తీసివేసే పద్ధతిని ముందుగా మానుకోవాలి; అవి తీసివేసిన పాఠం ఒక చేతిని చెరిపేసిన పియానో స్వరలిపి వంటిదే. వరంగల్‌లోని జానపద గిరిజన విజ్ఞాన పీఠం వంటి సంస్థలు రికార్డు చేసేటప్పుడు ప్రధాన కథకునికి, రెండో కథకునికి, డోలుకు వేరువేరు మైకులు పెట్టి, ఒక్కొక్క ధ్వనిని విడిగానూ కలిపీ వినే వీలు కల్పిస్తే, డోలు ఎక్కడ ముందడుగు వేసింది, ఎక్కడ వేచి చూసింది అన్నది విద్యార్థి చెవితో పట్టుకోగలుగుతాడు.

డిసెంబర్ 23న జరిపే సింగరేణి దినోత్సవ వేదికలు ఈ ప్రాంతపు కళాకారులకు ఏటా దొరికే అవకాశం. ఆ రోజున కనీసం ఒక్క వేదికపైనైనా ఒగ్గుకథలో ఒక పూర్తి ఘట్టాన్ని, అంటే గంటన్నరకు తగ్గకుండా, ట్రాకులు లేకుండా చెప్పించి, ఆహ్వానపత్రంపై రెండో కథకుని పేరు, డోలు, తాళం పట్టినవారి పేర్లు ప్రధాన కథకుని పేరుతో పాటు అదే సైజు అక్షరాలలో అచ్చువేయించవచ్చు. పారితోషికాన్ని బృందనాయకునికి మొత్తంగా ఇవ్వక, ప్రతి కళాకారుని పేరున విడిగా చెల్లించవచ్చు. పట్టణంలోని పాఠశాలల పిల్లలకు డోలు నేర్పే శిబిరాలలో దరువులతో పాటు, కథ చెప్పేవానిని ఎదుట కూర్చోబెట్టి, అతని మాటను బట్టి ఆపడం, తగ్గించడం, తిరిగి అందుకోవడం రోజూ ఒక గంట సాధన చేయించవచ్చు. ఇందుకు గురువులుగా ఓదెల చుట్టుపక్కల పట్నాలు వేసే పెద్దలు ఇంకా ఉన్నారు.